జల్లెడ మొహం

ఆ పేరు పెట్టింది చెల్లెలే. అప్పటికి అక్కకు పదిహేనేళ్ళు, చెల్లెలికి పదమూడు. వంటింట్లో తల్లి పిండి జల్లిస్తుంటే పక్కన కూర్చున్న చెల్లెలు జల్లెడ అందుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. దాని కన్నాల్లోంచి గుమ్మంలో నిలబడ్డ అక్కను చూసి, "అమ్మా, అక్క మొహం అచ్చం ఇదే" అంది. తల్లి తిట్టబోయి నవ్వేసింది. ఆ నవ్వుతో పేరు ఖాయమైపోయింది. పొద్దున వంటింట్లో పుట్టిన మాట సాయంత్రానికి తండ్రి చెవిన పడింది, ఆదివారానికి మేనమామ నోట్లోకి వచ్చింది. ఆయన కుర్చీలో కూలబడుతూనే, ఏదీ మా జల్లెడ, కాసిని మంచినీళ్ళు తెమ్మనండి అన్నాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. తాగే ముందు ఆయన గ్లాసు అంచు వంక ఒకసారి చూసుకున్నాడు.

రెండేళ్ళుగా ఆమె మొహం నిండా మొటిమలు. బుగ్గల మీద ఎర్రగా వాచి, గడ్డం కింద చీము పట్టి, నుదుటి మీద ఇసక చల్లినట్టు గరగరలాడుతూ ఉండేవి. తల్లి వాటిని గోళ్ళతో నొక్కి పిండేది. పిండితే విషం పోతుందని ఆవిడ నమ్మకం. పిండిన చోటల్లా పుండు పడి, మానాక గుంట మిగిలేది. జల్లెడ కన్నాలు అలా ఏర్పడ్డవే. చేసిన చేతులు తల్లివి, పేరు మాత్రం కూతురికి వచ్చింది.

మొటిమలు మురికి వల్ల వస్తాయని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, అంతే, తెలుసు. అందుకని రోజుకు ఎనిమిది సార్లు సబ్బుతో మొహం కడగాలని తల్లి లెక్క పెట్టింది. కడిగిన పది నిమిషాల వరకు చర్మం తోలు బిగించినట్టు లాగేది. గంట తిరక్కుండా మళ్ళీ జిడ్డు కారేది. తల్లి వేలితో ముక్కు మీద రాసి చూసి, సరిగ్గా రుద్దట్లేదు నువ్వు, మళ్ళీ కడుగు అనేది. ఆమె తువ్వాలు వేరే మేకుకు తగిలించారు. దిండు వేరు, దువ్వెన వేరు. ఒకసారి పొరపాటున రెండు తువ్వాళ్ళూ ఒకే తీగ మీద ఆరితే చెల్లెలు తన తువ్వాలును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని బకెట్లో పడేసి, మళ్ళీ ఉతికితే గాని ముట్టుకోనని భీష్మించుకుంది.

వైద్యాలకు అంతు లేదు. పళ్ళ పేస్టు పూశారు. సోడా ఉప్పులో చక్కెర కలిపి రక్తం చిమ్మేదాకా రుద్దారు. మరుగుతున్న గిన్నె మీద మొహం వంచి దుప్పటి కప్పారు. అన్నిటికన్నా పెద్ద వైద్యం నిమ్మరసం. మొహమంతా నిమ్మరసం పూసి, మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చోబెట్టి, అరగంట ఎండలో ఉంచితే మురికి మొత్తం చచ్చిపోతుందని పక్కింటావిడ చెప్పింది. మండుతోంది అమ్మా అని ఆమె ఏడిస్తే, మండితేనే పనిచేస్తున్నట్టు అని తల్లి కిందికి దిగిపోయింది. అక్క మొహం తుడుచుకోకుండా కాపలా కాయడం చెల్లెలి పని. గడియారం చేత్తో పట్టుకుని నీడలో కూర్చున్న చెల్లెలు, అక్క చెయ్యెత్తినప్పుడల్లా చెప్పేది.

"ఇంకా ఏడు నిమిషాలుంది. తుడిస్తే అమ్మకి చెప్తా."

రెండో రోజుకు బొబ్బలెక్కాయి. బొబ్బలు ఎండాక, రసం ఎక్కడెక్కడ కారిందో అక్కడంతా బుగ్గ నుంచి మెడ దాకా నల్లటి చారలు తేలాయి. లోపలి మురికి బయటికొస్తోందన్నారు ఇంట్లో. ఆ చారలు పోవడానికి దగ్గర దగ్గర ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. ఫొటోగ్రాఫరు అందరినీ నిలబెడుతుంటే మేనమామే వచ్చి ఆమె భుజం పట్టుకుని వెనక వరసలోకి, లావుపాటి బంధువు వెనక్కి జరిపాడు. చివరి క్షణంలో ఆ బంధువు పక్కకు ఒరిగాడు. ఫొటోలో చారల మొహం స్పష్టంగా పడింది.

చెల్లెలు ఏం చేసేదంటే ఏమీ చేసేది కాదు. పొద్దున్నే రెండు దోసిళ్ళ నీళ్ళు చల్లుకుని బడికి పరిగెత్తేది. ఒక్కోసారి అదీ లేదు. అయినా దాని మొహం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉండేది. చుట్టాలు దాని బుగ్గలు పుణికి, శుభ్రమైన పిల్ల అనేవారు. మనసు మంచిదైతే మొహం అలాగే మెరుస్తుందనేవారు. అలా అన్నాక వాళ్ళ చూపు ఆగకుండా అక్క వైపు తిరిగేది.

తండ్రి పోయిన మరుసటి ఏడాది, నర్సింగు చదువు పూర్తి చేసిన అక్క చర్మవ్యాధుల క్లినిక్కులో చేరింది. ఆ డాక్టరు పెద్దాయన. మొహమాటం అనేది ఆయన ఇంటా వంటా లేదు. ఉద్యోగానికి వచ్చిన పిల్లను చూస్తూనే కాగితాలు పక్కన పెట్టి, లైటు ఆమె మొహం మీదికి తిప్పి, ఏమేం పూశారని అడిగాడు. ఆమె వరసగా చెప్పింది. అంతా విని, ఇంట్లో ఇంకేమీ మిగల్లేదా పూయడానికి అన్నాడు.

తర్వాత ఆయన చెప్పిన మాటలు ఆమె జన్మలో మరిచిపోలేదు. మురికికీ మొటిమకూ సంబంధం లేదట. ఆ వయసులో ఒంట్లో హార్మోన్లు ఎగదోస్తే చర్మం కింది గ్రంథులు నూనె ఎక్కువ చేస్తాయి, రంధ్రం మూసుకుపోతుంది, లోపల క్రిములు పెరిగి వాస్తుంది. అది చాలావరకు పుట్టుకతో తెచ్చుకున్న తీరు. రోజుకు రెండుసార్లు కడిగితే సరిపోతుంది. ఎనిమిదిసార్లు కడిగితే పైపొర దెబ్బతిని మంట పెరుగుతుంది. నిమ్మరసంలో ఉన్న పదార్థానికి ఎండ తగిలితే చర్మం నిజంగానే కాలుతుంది, ఆ చారలు కాలిన మచ్చలు.

ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అంటుకుంటుందా సార్?"

"ఎవరికి?"

"ఇంట్లోవాళ్ళకి."

"పొగరు అంటుకుంటుందేమో గాని, మొటిమ అంటుకోదు" అన్నాడు డాక్టరు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆమెకు తండ్రి వీపు గుర్తొచ్చింది. స్నానం చేసి వచ్చి చొక్కా తొడుక్కునేటప్పుడు కనిపించేది, మెడ కింద నుంచి నడుము దాకా గుంటలే. ఆయనకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

మందులతో ఏడాదిలో మొటిమలు అణిగాయి. గుంటలు ఉండిపోయాయి. గుంటలు పూడ్చే క్రీము ప్రపంచంలో లేదు, ఎవడైనా అమ్మితే చెప్పుచ్చుకు కొట్టు అన్నాడు డాక్టరు. ఆయనకు ఆమె మొహం ఇంకో రకంగా పనికొచ్చింది. ఏటా వైద్య విద్యార్థులు వచ్చినప్పుడు, నర్సమ్మా ఇలా లైటు కింద కూర్చో అనేవాడు. పెన్ను మూతతో ఒక్కో గుంటనూ ముట్టుకుంటూ, ఇది ఈ రకం, ఇది ఆ రకం, ఇది గోళ్ళ పుణ్యం అని చూపించేవాడు. ఆమె కళ్ళు మూసుకుని, ఆయన చెప్పే ప్రతి ముక్కా గుర్తుపెట్టుకునేది. పదేళ్ళలో ఆ క్లినిక్కులో డాక్టరు తర్వాత అంత తెలిసిన మనిషి లేకుండా పోయింది.

తెలివితోపాటు నోరూ పదునెక్కింది. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయట కదా అని ఎవరో అంటే, అవి తలుపులా తెరుచుకోడానికీ మూసుకోడానికీ అనేది. నల్లగా ఉన్నాను కదా, నాకు ఎండ క్రీము ఎందుకన్నవాడిని, సూర్యుడు రంగు చూసి కాలుస్తాడా అని అడిగి, నలుపు కొంత కాస్తుందే గాని మొత్తం కాయదని, మచ్చలు తేలేది ఎక్కువ అలాంటి చర్మం మీదేనని చెప్పి పంపేది. చెట్టు నుంచి తీసిందే కదా నర్సమ్మా, ఏమీ కాదులే అని ఆకు పసరు పూసుకుని బొబ్బలతో వచ్చిన కాలేజీ పిల్లతో, గన్నేరు కూడా చెట్టే తల్లీ, నమిలి చూస్తావా అంది. జనం జంకేవారు. జంకినా ఆమె మాటే వినేవారు.

క్లినిక్కు కింద మందుల షాపులో పనిచేసే ఆయన ఆమెతో రెండేళ్ళు మాటలు కలిపాడు. నెమ్మదస్తుడు. ఒకనాడు ధైర్యం చేసి, మీ మొహం నాకు అలవాటైపోయిందండీ, ఇప్పుడేమీ అనిపించడం లేదు అన్నాడు. మంచి మాట చెప్తున్నాననే అనుకున్నాడు పాపం. ఆమె ఆ రోజు నుంచి వెనక మెట్ల మీదుగా రాకపోకలు పెట్టుకుంది. ఇక పెళ్ళి ఊసు ఆమె ఎత్తలేదు, ఎత్తినవాళ్ళనూ ఎత్తనివ్వలేదు.

చెల్లెలు పెళ్ళి చేసుకుంది, కూతుర్ని కంది, ముందుగదిలో బ్యూటీ పార్లరు పెట్టింది. తల్లి కూడా దాని దగ్గరే ఉండేది. పార్లరుకు బోర్డు అక్కర్లేకపోయింది, చెల్లెలి మొహమే బోర్డు. మీరేం వాడతారని అడిగినవాళ్ళకు, నీళ్ళు బాగా తాగుతాను, మంచి ఆలోచనలు చేస్తాను అని చెప్పేది. అక్కాచెల్లెళ్ళ మధ్య పైకి పోట్లాటేమీ లేదు. నెలకో ఆదివారం అక్క వెళ్ళేది. చెల్లెలి కూతురు, పెద్దమ్మా అంటూ చెయ్యి పట్టుకుని తన పుస్తకాలన్నీ చూపించేది. ఆమె ఆ ఇంటికి వెళ్ళేది నిజానికి ఆ పిల్ల కోసమే. దాన్ని ఒక్కదాన్నే ఆమె ఎవరికీ అనని మాటలతో, బంగారమని, నా తల్లి అని పిలిచేది.

పిల్లకు పదమూడు నిండిన ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క వెళ్ళేసరికి పార్లరులో ఎవరూ లేరు. కొత్తగా అద్దం బల్ల వేశారు. కూర్చుని దాని మీద చెయ్యి ఆనించిన ఆమెకు అద్దం కింద తన మొహమే కనిపించింది. మేనమామ కూతురి పెళ్ళి ఫొటో. చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ కత్తిరించేసి, నల్ల చారల మొహం ఒక్కటీ పెద్దది చేయించి పెట్టారు. దాని పక్కనే చెల్లెలి ఇప్పటి ఫొటో. రెంటి కిందా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: పట్టించుకోకపోతే, పట్టించుకుంటే.

ఆమె వేలితో చూపించింది. చెల్లెలు నవ్వేసింది.

"ఎవరూ గుర్తుపట్టర్లే అక్కా. అయినా నీ వల్ల నాకు నాలుగు బేరాలొస్తే నీకేం పోయింది?"

గడప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పిల్ల తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. దాని నుదుటి మీద నాలుగైదు మొటిమలు కొత్తగా పొడుస్తున్నాయి. అక్క దాని దగ్గరికి వెళ్ళి, గిల్లకు బంగారం, రెండు పూటలా కడుక్కుని వదిలెయ్, ఎక్కువైతే మా డాక్టరుగారికి చూపిద్దాం అని తల నిమిరి వచ్చింది. చెల్లెలు అప్పటికే సొరుగు లాగి ఒక చిన్న ట్యూబు బయటికి తీసింది. పార్లరుకు సామాన్లు వేసే మనిషి తెచ్చాడట. వారం వాడితే చాలట. తన మొహం చూపించింది. నిజమే, ఎప్పుడూ ఉండే నునుపు మీద ఇంకో పూత వేసినట్టు తెల్లగా మెరుస్తోంది. నలభైకి దగ్గర పడుతున్న మొహం ఇరవై దగ్గర ఆగినట్టుంది.

అక్క ట్యూబు తిప్పి చూసింది. అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో మందు పేరు ఉంది. ఆమెకు చదవనక్కర్లేదు, వాసనతోనే తెలుసు. వాపుకూ దురదకూ డాక్టర్లు కొద్ది రోజుల కోసం రాసిచ్చే ఘాటైన స్టెరాయిడ్. పూసిన వారంలో మొహం తెల్లబడి మెరుస్తుంది. మూడు నెలలు దాటితే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, నూగు మొలుస్తుంది, ఎండ పొడ తగిలితే మంట. ఆపుదామంటే అంతకు పదింతలై విరుచుకుపడుతుంది. అలాంటి మొహాలు వారానికి రెండు మూడు ఆమె బల్ల ముందుకు వస్తాయి.

"మీ డాక్టరు దగ్గర ఇలాంటివి చూసే ఉంటావుగా. మంచిదేనా?" అని అడిగింది చెల్లెలు. "నీకెలాగూ పనికిరాదనుకో, గుంతలు పూడవు."

అక్క మూత బిగించి ట్యూబు చెల్లెలి చేతిలో పెట్టింది.

"బాగుంది. వాడుకో" అంది.

ఇంటికి వచ్చాక ఆ రెండు మాటలు తలుచుకుంటే ఆమెకు భయం వేయలేదు, బాధ కలగలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఫోను చేసి చెప్పడానికి తర్వాత బోలెడు రోజులున్నాయి. ఒక్క రోజూ చెయ్యలేదు.

ఆదివారాలు మాత్రం మానలేదు. పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా చెల్లెలి మొహం కనిపెట్టుకుని ఉంది. రెండో నెలలో ఆ మొహం చూసి వీధి వీధంతా పార్లరుకు వచ్చింది. నాలుగో నెలలో బుగ్గల మీద ఎరుపు దిగింది. సిగ్గుపడ్డట్టుంది, బాగుంది అన్నారు అందరూ. ఆరో నెలలో పైపెదవి మీద నూగు, ముక్కు పక్కన సన్నటి ఎర్ర గీతలు. వంట చేస్తుంటే పొయ్యి సెగకు మొహం తిప్పేసుకునేది. ఒంట్లో ఉన్న మలినం బయటికొస్తోంది అక్కా, ఇంకాస్త దట్టంగా పూస్తే మొత్తం పోతుందంది. అక్క తలూపింది. చర్మం మలినాలు కక్కే గొట్టం కాదని, ఆ పని చేసేది కాలేయం, మూత్రపిండాలు అని రోజుకు పదిమందికి చెప్పే మనిషి తలూపి ఊరుకుంది. పిల్ల ఆ మధ్య పెద్దమ్మ వస్తే గదిలోంచి బయటికి రావడం తగ్గించింది. చదువుకుంటోందిలే అంది చెల్లెలు. అక్క చూపంతా చెల్లెలి బుగ్గల మీదే ఉంది, మూసిన తలుపు మీదికి పోలేదు.

క్లినిక్కుకు ఒకే రకం ఎర్ర మొహాలు రావడం ఎక్కువైంది. ముగ్గురు, తర్వాత ఐదుగురు. అందరిదీ ఆ పక్క వీధులే. ఎక్కడ కొంటున్నారో వీళ్ళంతా అని డాక్టరు విసుక్కుంటే, తెలీదు సార్ అంది ఆమె. వాళ్ళ పేర్లు పుస్తకంలో రాసి టోకెన్లు ఇచ్చింది. అందులో ఒకావిడ బిడ్డకు పాలిస్తున్న తల్లి, మంటకు బిడ్డ చెంప తన చెంపకు ఆనించుకోలేకపోతున్నానని ఏడ్చింది. ఆమె ఆవిడకు నీళ్ళు ఇచ్చింది, టోకెను ఇచ్చింది. పార్లరు పేరు మాత్రం ఆమె నోటి నుంచి రాలేదు.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున్న, తలుపులు తీసిన వెంటనే చెల్లెలు వచ్చింది. మొహానికి గుడ్డ చుట్టుకుంది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అక్క మనసులో ఏదో సర్దుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దీనికే. చెల్లెలు గుడ్డ విప్పింది. పచ్చి పుండులా ఉంది మొహం. కళ్ళ కింద దాకా ఎర్రబారి, చిన్న చిన్న చీముపొక్కులతో, పెదవుల చుట్టూ పొట్టు రాలుతూ ఉంది. అక్క దాన్ని తనివితీరా చూసింది. అప్పుడు చెల్లెలు పక్కకు జరిగింది.

వెనక పిల్ల ఉంది. దానికీ గుడ్డ ఉంది.

"దీనికి కూడా పూశాను" అంది చెల్లెలు. "మొటిమలు వస్తున్నాయని. నీలా అయిపోతుందేమోనని భయమేసింది."

పిల్ల గుడ్డ విప్పలేదు. అక్కే లేచి విప్పింది. తల్లికన్నా లేత చర్మం కదా, తల్లికన్నా ఎక్కువే తినేసింది మందు. నుదుటి మీది నాలుగు మొటిమలు నలభై అయి, బుగ్గల మీదికి, గడ్డం మీదికి పాకాయి. కణతల దగ్గర చర్మం పలచబడి కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. ఆమె చేతులు గుడ్డ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

లోపల డాక్టరు ట్యూబు చూసి బల్ల మీద కొట్టాడు. ఎన్నాళ్ళు, రోజుకు ఎన్నిసార్లు, ఎవరు చెప్పారని అడిగాడు. పార్లరులో ఎంతమందికి ఇచ్చావని అడిగాడు. చెల్లెలు వేళ్ళ మీద లెక్కపెట్టి, వేళ్ళు చాలక ఆగిపోయింది. మీ అక్క నా గదికి ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటుంది, ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా అన్నాడు ఆయన.

"అడిగాను సార్. చూపించాను కూడా. బాగుంది వాడుకో అంది."

డాక్టరు నర్సమ్మ వైపు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"నాకు చూపించలేదు సార్" అంది.

ఆయన రెండోసారి అడగలేదు. పదిహేనేళ్ళ నమ్మకం. తప్పు చేసినవాళ్ళు ఇంకొకరి మీదికి తోస్తారమ్మా, మాకు ఇది కొత్త కాదు అని చెల్లెలితో అని, మందులు రాయడం మొదలుపెట్టాడు. చెల్లెలు అక్క వంక చూసింది. జీవితంలో మొదటిసారి దాని మాట ఎవరూ నమ్మలేదు.

పిల్ల తలెత్తలేదు. బయటికి వచ్చాక, తల్లి మందుల షాపుకు మెట్లు దిగుతుంటే వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు నేను గడప మీదే కూర్చుని ఉన్నాను పెద్దమ్మా" అంది. అని వెళ్ళిపోయింది.

మందు ఆపాక మొదటి నెల నరకం. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు: అలవాటు పడ్డ చర్మం తిరగబడుతుంది, తట్టుకోవాలి, మళ్ళీ ఆ ట్యూబు ముట్టుకున్నారంటే మొదటికొస్తుంది. మింగడానికి మాత్రలు, సుగంధాలేవీ కలపని మామూలు తేమ క్రీము, ఎండ క్రీము, ఓపిక. పిల్ల మూడు వారాలు బడికి పోలేదు. పోయిన రోజు పక్క బెంచీలోని అమ్మాయి తన బల్ల దూరం లాక్కుందట. ఇదంతా అక్కకు తల్లి చెప్పింది. పిల్ల మందులకని క్లినిక్కుకు వచ్చిన ముసలావిడ, చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. అక్క ఎదురుచూస్తున్న తిట్లు రాలేదు. రాకపోగా ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

"నీ మొహం మేమే పాడు చేశాం. నాకు తెలుసు, కాదనను. కానీ మాకు తెలీక చేశామే. నువ్వు తెలిసి చేశావు."

అక్క తల్లిని ఏనాడూ ఎదిరించి మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడింది. తువ్వాలు సంగతి ఎత్తింది, డాబా సంగతి ఎత్తింది, అద్దం కింద ఫొటో సంగతి ఎత్తింది. తల్లి అన్నిటికీ తలూపింది. అంతా అయ్యాక, మరి పిల్లదానికేం సంబంధం అని అడిగింది. దానికి పూస్తోందని నాకు తెలీదు అంది చివరికి. అడిగావా అంది తల్లి లేస్తూ.

డాక్టరుకు విషయం చెప్పింది పిల్లే. వైద్యం మొదలైన నాలుగో నెలలో, ఒంటరిగా వచ్చిన రోజున. ఆయన నర్సమ్మను లోపలికి పిలిచి నిజమా అన్నాడు. నిజమే సార్ అంది. ఉద్యోగం పోతుందనుకుంది, పోవాలనే అనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, నీకు తెలిసినంత తెలిసినవాళ్ళను ఈ వయసులో నేనెక్కడ వెతుక్కోను, ఉండు అన్నాడు. పేషెంట్లకు సలహా చెప్పే పని మాత్రం తీసేశాడు. నీ నోటి నుంచి ఇక ఒక్క మాట బయటికి పోకూడదు, పేర్లు రాసుకో, టోకెన్లు ఇవ్వు, అంతే అన్నాడు. ఎవరైనా పళ్ళ పేస్టు సంగతో నిమ్మకాయ సంగతో అడిగితే, లోపల అడగండి అని చూపుడువేలితో తలుపు చూపించడం ఆమె పని. వచ్చినవాళ్ళు ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఈవిడకేం తెలుసులే అన్నట్టు ముందుకు పోయేవారు. పదిహేనేళ్ళు నేర్చుకున్నదంతా ఆ బల్ల వెనక నోరు మూసుకుని కూర్చుంది.

చెల్లెలి పార్లరు మూతపడింది. ముందు పార్లరుకు వచ్చి పొగిడిన ఆడవాళ్ళే ఇంటి మీదికి వచ్చి కిటికీ అద్దం పగలగొట్టారు. ఏడాదికి పొక్కులు పోయాయి గాని ఎరుపు పూర్తిగా దిగలేదు, ఎండలోకి రాలేకపోతోంది. ఇప్పుడు ఒక బట్టల ఫ్యాక్టరీలో, కిటికీ లేని గదిలో బొత్తాలు కుడుతుంది. అక్కతో మాటల్లేవు. ఒకసారి వీధిలో ఎదురైతే చెల్లెలు ఆగి, అక్క మొహాన్ని పైనుంచి కిందికి, తీరిగ్గా, చిన్నప్పుడు జల్లెడలోంచి చూసినంత శ్రద్ధగా చూసింది. అక్క కూడా అలాగే చూసింది. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పిల్ల ఏడాదిన్నర తిరిగింది క్లినిక్కుకు. లేత వయసు కాబట్టి చర్మం కోలుకుంది. కుడి బుగ్గ మీద మాత్రం ఐదు గుంటలు ఉండిపోయాయి. ప్రతిసారీ బల్ల ముందు నిలబడి, పెద్దమ్మా అనకుండా, పేరు చెప్పి టోకెను తీసుకునేది. ఇంటిపేరుతో సహా చెప్పేది, తెలియనివాళ్ళకు చెప్పినట్టు. అక్క రాసుకునేది.

ఇక రానక్కర్లేదని డాక్టరు చెప్పిన చివరి రోజున పిల్ల ఆ కాగితం మడత పెట్టుకుంటూ బల్ల దగ్గర ఆగింది. అప్పటికి దానికి పదిహేను దాటాయి.

"నాకు కూడా పూస్తోందని తెలిసుంటే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని తల్లీ. ఆ క్షణాన్నే చెప్పేదాన్ని."

"నాకు పూయకుండా ఉండుంటే? అమ్మ ఒక్కతే అయ్యుంటే?"

ఆమెకు అబద్ధం చెప్పడం తెలియనిదేమీ కాదు. ఆ పిల్ల ముందే ఒకసారి చెప్పింది కూడా. అయినా ఈసారి నోరు రాలేదు. టోకెన్ల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది. పిల్ల ఇంకాసేపు చూసి, సరే అంది. కాగితం సంచిలో పెట్టుకుని, ముందు మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

వరసలో తర్వాత నిలబడ్డ ఆయన దగ్గి, నా పేరు రాసుకోండమ్మా అన్నాడు. ఆమె రాసుకుంది.